పధ్నాలుగో రోజు

బుధవారం పొద్దున్న పది గంటల పన్నెండు నిమిషాలకి మా వదిన వెర్నా కలుహివా, డొరీన్ పాస్కువాకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. హిరామ్ కపవోనా కేసు మర్నాడు తొమ్మిదింటికి ఫెడరల్ కోర్టులో విచారణకి వస్తోంది. మా చేతిలో ఉన్నది ఇరవై మూడు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ.

ఆ లెక్క నేను కట్టింది కాదు. కూర్చుంటూ కూర్చుంటూ వదినే చెప్పింది. హొనొలులు ఫెడరల్ కోర్టు కౌంటర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితాలు తీసుకుని తేదీ స్టాంపు వేసిన మనిషి. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది. నేను ఆవిడ చెల్లెలి మొగుణ్ణి, క్లిఫర్డ్ మెడైరోస్‌ని. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు వదిన కారు నేను నడుపుతాను, నన్ను వదిన నడుపుతుంది.

హిరామ్ బాబాయికి డెబ్భై నాలుగు. కలిహి పేటలో ఇంటి వెనక షెడ్డులో, కోవా అనే ఇక్కడి చెట్టు చెక్కతో యుకులేలేలు, నాలుగు తీగల బుల్లి గిటార్లు, చేస్తాడు. ప్రతి వాయిద్యం కడుపులోనూ ఒక తెల్ల సముద్రపు పిట్ట ముద్ర ఉంటుంది. పోయిన ఆయన భార్య గీసిన పిట్ట అది. 2019లో సన్‌రీఫ్ అనే కంపెనీ తన ఫ్యాక్టరీ సరుకు మీద అదే పిట్టని వేసుకుంటే బాబాయి కోర్టుకెక్కాడు. కంపెనీవాళ్ళు కోర్టు రూలు ప్రకారం ఒక రాజీ ప్రతిపాదన పంపించారు: పిట్టని మాకు వదిలెయ్, గొడవ మానేద్దాం. అలాంటి ప్రతిపాదన అందిన దగ్గర్నుంచి ఒప్పుకోడానికి పధ్నాలుగు రోజులు గడువు. అది దాటితే ప్రతిపాదన చచ్చినట్టే. బాబాయి ససేమిరా అన్నాడు. తర్వాత కంపెనీయే తగ్గి పిట్టని తీసేసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఆరేళ్ళ తర్వాత, పోయిన నెల పధ్నాలుగున, అప్పటి బాబాయి లాయరు స్టాన్లీ హిరోకావా గారి బీరువాలోంచి ఒక ఉత్తరం బయటపడింది. తేదీ 2019 జూన్ 20. కింద హిరోకావా గారి సంతకం. "జూన్ 5న మీ ప్రతిపాదన నా చేతికి అందింది. పధ్నాలుగు రోజుల గడువుకి ఈ రోజే ఆఖరు. నా క్లయింటు ఒప్పుకున్నాడు" అని ఉంది. అడుగుదామంటే హిరోకావా గారు 2020 ఫిబ్రవరిలోనే పోయారు. ఆ ఉత్తరం నిలబడితే రేపటి నుంచి పిట్ట సన్‌రీఫ్ వాళ్ళది.

"ఉత్తరం నాకే దొరికిందక్కా" అంది డొరీన్. హిరోకావా గారి దగ్గర ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేసింది. ఆయన పోయాక అదే ఆఫీసులో జనానికి ఫారాలు నింపిపెట్టుకుంటూ, పాత ఫైళ్ళకి కాపలా ఉంటోంది. "సన్‌రీఫ్ తరఫు మనిషి, ఆ క్రాంట్జ్, వచ్చి ఫైలు చూడాలన్నాడు. తీశాను. ఉంది."

"ఎన్ని గంటలకి?"

"పదకొండు దాటింది."

"అంతకుముందు ఆ ఫైలు ఎప్పుడు తీశావు?"

"తియ్యలేదు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ముట్టుకోలేదు." డొరీన్ లేచి కింద బేకరీ నుంచి తెప్పించిన మలసాదల పళ్ళెం, చక్కెర అద్దిన బూరెల్లాంటివి, మా ముందుకి తోసింది. "వేడిగా ఉన్నాయి, తినండి."

నేను రెండు తీసుకున్నాను. వదిన పళ్ళెం వైపు చూడలేదు.

"బయటికి ఇచ్చావా ఎవరికైనా?"

"ఫైలు గడప దాటదక్కా. హిరోకావా గారి భార్యకి మాటిచ్చాను."

"సరే, బీరువా చూపించు."

వెనక గదిలో ఇనప బీరువా. పళ్ళెం నేను వెంట తెచ్చుకున్నాను. మూడో అర. 2019 ఫైళ్ళు పదిహేడు ఉన్నాయి. వదిన ఒక్కొక్కటీ బయటికి తీసి బల్ల మీద వరసగా పేర్చింది. అన్నిటికీ రబ్బరు బ్యాండ్లు. ముట్టుకుంటే తునిగి అట్టకి బంకలాగా అంటుకుంటున్నాయి. కపవోనా ఫైలు వంతు వచ్చింది. వదిన దాని రబ్బరు బ్యాండు పట్టుకుని లాగి వదిలింది. టప్పున మోగింది.

"డొరీన్, పదహారు బ్యాండ్లు ముసలివై చచ్చిపోయాయి. ఇదొక్కటీ పెళ్ళీడుకొచ్చిన పిల్లలా ఉందేంటి?"

డొరీన్ మొహంలో రంగు మారింది. కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది.

"తిట్టకక్కా. మార్చిలో ఒకమ్మాయి వచ్చింది. కాపీలు తీసుకుని తెచ్చిచ్చేస్తామంది. సన్‌రీఫ్ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది. సన్‌రీఫ్ మేనేజరు ఎల్లింగ్స్‌వర్త్ సంతకం కూడా ఉంది. ఆ రోజు మా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి, నిలబడి కాపీలు తీసే టైము లేదు. ఇచ్చేశాను. మాట తప్పానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

"ఎప్పుడిచ్చావు, ఎప్పుడొచ్చింది?"

"మార్చి మూడు, సోమవారం. మళ్ళీ సోమవారం పదో తారీఖున వచ్చింది. రసీదు ఉంది."

"ఏడు రోజులు." వదిన గొంతు మెత్తబడింది. "ఏడవకు. రసీదు దాచావు చూడు, నువ్వే రేపు మమ్మల్ని గట్టెక్కిస్తావేమో. అమ్మకి ఎలా ఉంది?"

"బానే ఉందక్కా. నర్సుల్ని తిడుతోంది."

"అయితే నిక్షేపంలా ఉన్నట్టే."

డొరీన్ ఏడుపులోనే నవ్వింది. వదిన ఫైలు విప్పి కాగితాలు లెక్కపెట్టింది. నలభై రెండు. ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకి పట్టి చూస్తోంది. పది కాగితాలకి ఒకసారి "ఊఁ" అంటోంది. ముప్ఫయ్యో కాగితం దగ్గర నాకు ఓపిక అయిపోయింది.

"ఏం కనబడుతోంది వదినా?"

"నువ్వే చూడు మరిదీ. ఆ చక్కెర వేళ్ళు తుడుచుకుని చూడు."

చూశాను. పై అట్టకి కుడివైపు కింద మూల ఆవగింజంత కన్నం. చెదపురుగు పని. అది మొదటి కాగితంలో ఉంది, రెండోదాంట్లో ఉంది, అదే చోట, అదే పరిమాణం. అట్ట నుంచి అట్ట దాకా నిటారుగా దొలుచుకుంటూ పోయింది. పంతొమ్మిదో కాగితంలో ఉంది. ఇరవై ఒకటో దాంట్లో ఉంది. మధ్యలో ఇరవయ్యోది హిరోకావా గారి ఉత్తరం. దానికి కన్నం లేదు.

"పురుగు దాన్ని దూకి వెళ్ళిందా?" అన్నాను.

"ఈ బిల్డింగుకి చెదల మందు ఎప్పుడు పెట్టారు డొరీన్?"

"గుడారం కప్పి మొత్తం పొగ పెట్టారక్కా. 2022 డిసెంబరు. ఆ తర్వాత ఒక్క పురుగు కనబడలేదు."

"అంటే కన్నం ఆ లోపే పడింది. ఉత్తరం ఆ తర్వాత వచ్చి చేరింది."

"లేదా మధ్యలో ఎవరో ఆ కాగితాన్ని తీసి వేరే చోట పెట్టి, మళ్ళీ ఇందులో పెట్టారు" అని గుమ్మంలోంచి గొంతు వినబడింది.

డేల్ క్రాంట్జ్. లాస్ ఏంజెలస్ నుంచి సన్‌రీఫ్ తెప్పించుకున్న డిటెక్టివ్. నలభై ఏళ్ళుంటాయి. నేవీలో పరిశోధకుడిగా చేశాడంటారు. ఇస్త్రీ చొక్కా, అద్దంలా మెరిసే బూట్లు.

"వచ్చావా అబ్బాయ్" అంది వదిన తల ఎత్తకుండా. "బూట్లు బయట విప్పి రా. ఇది ఆఫీసే అయినా డొరీన్ తుడుచుకునే నేల."

క్రాంట్జ్ ఒక్క క్షణం ఆగి, వంగి, లేసులు విప్పుకుని లోపలికి వచ్చాడు. ఎడమ మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది.

"మీరు ఇక్కడున్నారని తెలిసే వచ్చాను మేడమ్. ఫైల్లో కాగితాలు ఏవైనా మాయమవుతాయేమోనని."

"మాయమవడం సంగతి తర్వాత. పుట్టుకొచ్చినవాటి సంగతి మాట్లాడుకుందాం."

"ఒక్క కన్నం చూపించి జడ్జి దగ్గర కేసు గెలుద్దామనా?"

"కన్నాన్ని తక్కువ చెయ్యకు నాయనా. కింద నీ కాలు చూసుకో."

డొరీన్ పైటలాంటి శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. క్రాంట్జ్ వేలు లోపలికి ముడుచుకున్నాడు, కాని వెనక్కి తగ్గలేదు.

"సంతకం హిరోకావాదేనని నిపుణుడు చెప్పాడు. లెటర్‌హెడ్ అసలుది. పురుగు సాక్ష్యం చెప్పదు. మీరు ముప్ఫై ఏళ్ళు స్టాంపులు వేశారు, కాదనను. స్టాంపులు వెయ్యడం వేరు, పరిశోధన వేరు మేడమ్."

ఆ మాట పడేసరికి నేను మూడో మలసాద పళ్ళెంలో పెట్టేశాను. వదినకి కోపం వస్తే ఆవిడ నవ్వుతుంది. అప్పుడు నవ్వింది.

"ముప్ఫై ఒకటి. నీ ఫోన్లో కోర్టు గడువులు లెక్కకట్టే ప్రోగ్రాం ఉంటుందిగా?"

"ఉంది. సన్‌రీఫ్ ఆఫీసు మొత్తం అదే వాడుతుంది."

"దాంట్లో కొట్టు. చేతికిచ్చిన రోజు, 2019 జూన్ 5. పధ్నాలుగు రోజులు. ఏమొచ్చింది?"

క్రాంట్జ్ కొట్టాడు. "జూన్ 20, గురువారం. ఉత్తరంలో ఉన్నదే. చూశారా? లెక్క సరిపోయింది."

"మరిదీ, నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టు. అందిన రోజు లెక్కలోకి రాదు. ఆరో తారీఖు నుంచి ఒకటి."

లెక్కపెట్టాను. చేతి వేళ్ళు చాలక బల్ల మీద మలసాదలు కూడా వాడుకున్నాను. "పధ్నాలుగోది పంతొమ్మిది వదినా. బుధవారం."

"మెషీను ఇరవై అంటోంది, నువ్వు పంతొమ్మిది అంటున్నావు. ఎందుకు?"

క్రాంట్జ్ తెర మీద వేలు జరిపాడు. "పంతొమ్మిది సెలవు అని చూపిస్తోంది. ఆఖరి రోజు సెలవైతే మర్నాటికి జరుగుతుంది. అది రూలు."

"ఆరో రూలు. కంఠతా వచ్చు" అంది వదిన. "జూన్‌టీన్త్. నల్లవాళ్ళ బానిస సంకెళ్ళు తెగిన రోజు. మంచి సెలవు. రావలసిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చిన సెలవు. అది దేశం మొత్తానికి సెలవు ఎప్పుడైంది అబ్బాయ్?"

క్రాంట్జ్ ఫోన్లో వెతకబోయాడు.

"2021లో కాంగ్రెస్ చట్టం చేసింది. 2023 డిసెంబరు ఒకటిన కోర్టు రూల్లో పేరుతో సహా ఎక్కింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ రోజు క్రిస్మస్ చెట్టు కొనుక్కుంటే నేను కొత్త రూల్స్ పుస్తకం కొనుక్కున్నాను. కావాలంటే మా మరిదిని అడుగు, మోసింది ఆయనే. నీ మెషీనుకి కొత్త రూలు నేర్పారు, అది ఏ సంవత్సరం నుంచో నేర్పలేదు. వెనక్కి వెళ్ళి 2019కి కూడా సెలవిచ్చేసింది. ఆ సంవత్సరం జూన్ 19 మామూలు బుధవారం. కోర్టు తీసే ఉంది. కౌంటర్లో నేనే ఉన్నాను."

క్రాంట్జ్ మనసులో ఏదో తిరుగుతోంది. అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"పోస్టులో వచ్చిందనుకుని మూడు రోజులు కలుపుకున్నాడేమో ఆయన."

"చేతికి అందిందని ఉత్తరంలోనే ఉంది. పోనీ కలుపు. ఇరవై రెండు, శనివారం. జరిపితే సోమవారం ఇరవై నాలుగు. ఇరవై రాదు."

"ఈమెయిల్‌కి?"

"ఈమెయిల్‌కి మూడు రోజులు ఇవ్వడం 2016 డిసెంబరులోనే ఎత్తేశారు."

"సరే. జూన్ పదకొండు. కమేహమేహా రాజు రోజు. మీ రాష్ట్రానికి సెలవు. ముసలాయన ఆ ఒక్కరోజూ తీసేసి లెక్కపెడితే ఇరవై వస్తుంది. వస్తుందా రాదా?"

వస్తుంది. వేళ్ళు మళ్ళీ మడిచి చూశాను, వస్తుంది. వదిన మాత్రం పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు మెచ్చుకోలుగా చూసింది.

"భేష్. ఇప్పటిదాకా నువ్వన్న వాటిలో మొదటి తెలివైన మాట. మధ్యలో వచ్చే సెలవులు తీసెయ్యకూడదు, పధ్నాలుగు రోజుల గడువులో రోజంటే రోజే. కాని మనిషి పొరబడొచ్చు. హిరోకావా గారు పొరబడ్డారా లేదా? డొరీన్, ఆయన రోజులు ఎలా లెక్కపెట్టేవారు?"

"మెషీను ముట్టేవారు కాదు" అంది డొరీన్. "టేబుల్ మీద పెద్ద క్యాలెండరు. అందులో పెన్సిల్‌తో ప్రతి గడి మూలా అంకె వేసేవారు. ఒకటి, రెండు, మూడు… ఆఖరి దానికి సున్నా చుట్టేవారు." ఒక్కసారి ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా, అవి నేను పారెయ్యలేదు!"

పరిగెత్తినంత పని చేసింది. స్టోర్ గదిలో అట్టపెట్టెలు పడుతున్న చప్పుడు. పదకొండు నలభై ఆరుకి వెడల్పాటి క్యాలెండరు రెండు చేతుల్తో పట్టుకొచ్చి బల్ల మీద పరిచింది. పైన 2019. వదిన ఒక్కొక్క నెలా తిప్పింది. జూన్.

ఐదో గడిలో పెన్సిల్ రాత: కపవోనా, ప్రతిపాదన, చేతికి. ఆరో గడి మూల చిన్న ఒకటి. ఏడులో రెండు. పదకొండో గడిలో రాజుగారి బొమ్మ అచ్చు వేసి ఉంది, దాని పక్కనే బుద్ధిగా ఆరు. పంతొమ్మిదో గడిలో పధ్నాలుగు, చుట్టూ సున్నా. దాని కింద ఇంకో ముక్క: "హిరామ్ వద్దన్నాడు. నాకు సంతోషం."

ఇరవయ్యో గడి ఖాళీ.

డొరీన్ ఆ రాతని వేలితో తడిమింది. నేను ముక్కు చీదుకున్నాను. చక్కెర పొడి ఎక్కిందని చెప్పాను.

"గడువు పంతొమ్మిదని ఆయనకి తెలుసు" అంది వదిన నెమ్మదిగా. "గడువు ఇరవై అనుకున్నవాడు ఎవడో ఈ ఉత్తరం రాశాడు. ఆఖరి రోజు తేదీ వేస్తే బావుంటుందని ముచ్చటపడి వేశాడు. 2020లో పోయిన మనిషి 2021లో పుట్టిన సెలవుని లెక్కలో వేసుకున్నాడంటే జడ్జి గారు నవ్వుతారు. ఇంకో సంగతి. ఉత్తరం నిజమే అనుకో. ఇరవయ్యో తారీఖున ఒప్పుకుంటే ప్రతిపాదన ముందు రోజే చచ్చిపోయింది. అబద్ధమైనా చెల్లదు, నిజమైనా చెల్లదు."

నేను చప్పట్లు కొట్టాను. ఆపుకోలేకపోయాను. డొరీన్ వదిన మెడ కౌగిలించుకుని ఊపేసింది. హిరామ్ బాబాయికి ఫోన్ చేద్దామని నేను లేస్తుంటే, వదిన చెయ్యెత్తి ఆపింది. ఆవిడ చూపు క్రాంట్జ్ మీద ఉంది.

క్రాంట్జ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఓడిపోయినవాడి మొహం కాదది, ఏదో గుర్తొచ్చినవాడి మొహం.

"మేడమ్, ఆ ఫైలు ఎప్పుడైనా బయటికి వెళ్ళిందా?"

"నీకింకా చెప్పలేదు. వెళ్ళింది, మీ సన్‌రీఫ్ వాళ్ళ దగ్గరికే, మార్చి మూడున."

"నేను కోర్టుకి అఫిడవిట్ ఇచ్చాను. సన్‌రీఫ్ పాత కాగితాలన్నీ 2021లో పైపు పగిలి తడిసిపోయాయనీ, ఏప్రిల్ పధ్నాలుగుకి ముందు కంపెనీలో ఎవరూ ఈ ఉత్తరం చూడలేదనీ. నా చేత్తో సంతకం పెట్టాను." "ఫిబ్రవరి ఇరవై ఏడున ఎల్లింగ్స్‌వర్త్ గదికి వెళ్ళాను. నా మొదటి రోజు అది. టేబుల్ మీద హిరోకావా లెటర్‌హెడ్ ఉంది. పక్కన హిరోకావా సంతకాలు ఉన్న పాత కాగితాలు మూడు నాలుగు. నన్ను చూసి వాటి మీదికి ఇంకేదో ఫైలు లాగేశాడు. పాత కేసు కాగితాలు కాబోలనుకున్నాను. ఇప్పటిదాకా మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు."

"ఫైలు వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు. తడిసిపోయాయన్న కాగితాలు చూసి ఉత్తరం తయారుచేసి, ఆ వారంలో ఫైల్లో దూర్చారు" అంది వదిన.

"అవును."

"రేపు బోనెక్కి ఈ మాట చెప్తావా? ఉద్యోగం పోతుంది."

"ఉద్యోగాలు వస్తాయి పోతాయి. నేను అబద్ధపు ప్రమాణం చేశానని మా అమ్మకి తెలిస్తే లాస్ ఏంజెలస్‌లో నాకు అన్నం పుట్టదు." మొదటిసారి నవ్వాడు. వదిన పళ్ళెం అతని ముందుకి జరిపింది. క్రాంట్జ్ ఒక మలసాద తీసుకుని సగం కొరికాడు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి మా అందరికీ చూపించాడు. ఎల్లింగ్స్‌వర్త్. వదిన తల ఊపింది. క్రాంట్జ్ ఫోన్ని క్యాలెండరు మీద పెట్టి స్పీకరు నొక్కాడు.

"క్రాంట్జ్, ఎక్కడున్నావ్?"

"హిరోకావా ఆఫీసులో సార్."

"మంచిదైంది. చిన్న పని. ఆ ముసలి లాయరు టేబుల్ క్యాలెండర్లు అక్కడెక్కడైనా పడున్నాయేమో చూడు. 2019ది ముఖ్యం. కనబడితే చుట్టి చంకలో పెట్టుకుని వచ్చెయ్. ఎవ్వరికీ చెప్పకు."

డొరీన్ రెండు చేతులూ క్యాలెండరు మీద పెట్టింది. క్రాంట్జ్ నోట్లో ముక్క నిదానంగా మింగాడు.

"కనబడింది సార్. జూన్ పేజీ తెరిచే ఉంది. నలుగురం చూస్తున్నాం. మీ మాటలూ నలుగురం వింటున్నాం."

అవతల ఊపిరి తీసిన చప్పుడు ఒకటి, తర్వాత కారు తలుపు ధడాలున వేసిన చప్పుడు.

వదిన కిటికీ వైపు తిరిగింది. నేనూ విన్నాను. ఆ చప్పుడు ఫోన్లోంచి ఒకసారి వచ్చింది, కింద వీధిలోంచి ఒకసారి వచ్చింది.

"మరిదీ" అంది వదిన, క్యాలెండరు చుడుతూ, "తలుపు గడియ పెట్టు."